చల్లటి చేతులు కావలెను

తెనాలిలో వైశాఖం వచ్చిందంటే కాలవగట్టు వీధిలోని ఫొటో స్టూడియోల ముందు పొద్దున్నే ఆడవాళ్ళు బారులు తీరతారు. తలుపు తీసినవాడు పేరడగడు, ఊరడగడు. చాచిన అరచేతిని తన చేతి వెనకభాగంతో తాకి చూస్తాడు. చల్లగా ఉంటే లోపలికి రమ్మంటాడు, వెచ్చగా ఉంటే రేపు రమ్మంటాడు. జాతకాలు చెప్పేవాళ్ళు కూడా చేతిని ఇంత శ్రద్ధగా చూడరు. “చల్లటి చేతులు కావలెను” అని బోర్డు పెట్టే పద్ధతి ఆ వీధిలోనే మొదలైంది. ఆ తర్వాత అన్ని జిల్లాలకూ పాకింది.

ఇదంతా తన చలవేనని డాక్టర్ హైమవతికి ఆ ఏడాది దాకా తెలియదు. తెలిసిన రోజున ఆవిడ పట్టుచీర కట్టుకుని, అన్నకూతురి పెళ్ళికని హైదరాబాదు నుంచి వచ్చి, తాటాకు పందిట్లో అందరినీ పలకరిస్తోంది.

ఆవిడ చేసిన పనేమిటో ముందు చెప్పుకోవాలి. లేకపోతే ఆవిణ్ణి తిట్టాలో, ఆవిడ మీద జాలిపడాలో తేలదు.

ల్యాప్‌టాప్‌లో ఆలోచించే భాగాన్ని ప్రాసెసర్ అంటారు. అది ఎంత వేగంగా ఆలోచిస్తే అంత వేడెక్కుతుంది. పెద్ద పెట్టె అయితే వేడి మసలడానికి చోటుంటుంది, ఫ్యాను పెట్టి బయటికి తోలెయ్యొచ్చు. జనమేమో ప్రాసెసర్ పెద్దది కావాలన్నారు, ల్యాప్‌టాప్ చిన్నది కావాలన్నారు. టీ గిన్నె కింద పెళ్ళివంటల గాడిపొయ్యి పెట్టమన్నట్టుంది వరస. కంపెనీలకు మూడే దార్లుండేవి. ఫ్యాను పెడితే మందం పెరుగుతుంది, రొద చేస్తుంది. వేగం తగ్గిస్తే కొన్నవాడు తిడతాడు. ఏమీ చెయ్యకుండా వదిలేస్తే ఒళ్ళో పెట్టుకున్నవాడి తొడలు కాల్తాయి. ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

హైమవతి నాలుగో దారి కనిపెట్టింది. మనిషి అరచేతి చర్మం కింద, ఒంట్లోని వేడిని బయటికి వదలడానికే కొన్ని ప్రత్యేకమైన రక్తనాళాలున్నాయి. వేడి బయటికొచ్చే ఆ దారిలోనే వేడిని లోపలికి కూడా పంపొచ్చు కదా అని ఆవిడకు తోచింది. కీబోర్డు ముందు అరచేతులు ఆనించే చోట పల్చటి లోహపు పలక అమర్చింది. ప్రాసెసర్ వేడి ఆ పలకలోంచి అరచేతుల్లోకి దిగుతుంది. రక్తంలో కలిసి ఒళ్ళంతా పాకి, చివరికి చెమటగా ఆరిపోతుంది. ఏసీ గదిలో కూర్చున్నవాడికి చేతులు కాస్త వెచ్చగా తగులుతాయి, అంతకుమించి ఏమీ తెలియదు. ఫ్యాను తీసేశారు గనక ల్యాప్‌టాప్ తమలపాకంత పల్చగా తయారైంది. కంపెనీ దానికి తమలపాకు అనే పేరు పెట్టింది. జనం నోట్లో పడి అది ఉత్త ‘ఆకు’ అయింది.

ఆవిడ ఒక జాగ్రత్త కూడా తీసుకుంది. ఎవరూ చేతులు పెట్టకుండానే ఆకు నడిస్తే వేడి పోయే దారి లేక బ్యాటరీ అంటుకోవచ్చు. అందుకని పలకలో ఒక సెన్సర్ పెట్టింది. అది చర్మంలోకి వెలుగు పంపి నాడి చూస్తుంది. నాడి దొరికితేనే ఆకు నడుస్తుంది. నాడి వేగాన్నీ రక్తం పారే తీరునీ బట్టి మనిషి ఒంట్లో వేడి ఎంత పెరిగిందో లెక్కకట్టి, మరీ పెరిగితే తనంతట తానే ఆగిపోతుంది. అంతా బాగుంటే ఒక మూల ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. ఆ చుక్కంటే హైమవతికి కన్నబిడ్డంత గర్వం.

ఇక పెళ్ళిళ్ళ సంగతి. పోయిన పెద్దల పాత వీడియోలూ గొంతులూ ఆకులో నింపితే, అది వాళ్ళను బతికున్నట్టే తెర మీద నిలబెడుతుంది. ఉత్త బొమ్మగా కాదు. ఎదురుగా ఏం జరుగుతోందో చూస్తూ, ఎవరొచ్చారో గుర్తుపడుతూ, ఆ మనిషి ఎలా మాట్లాడేవాడో అలాగే మాట్లాడుతుంది. తాతగారు లేని పెళ్ళి ఏం పెళ్ళని జనం ఎగబడ్డారు. పోయినవాళ్ళ ముఖం, గొంతు బయటి కంప్యూటర్లకు పంపకూడదని చట్టం ఉంది కాబట్టి ఆ పనంతా పీటల పక్కనే, ఆ ఒక్క ఆకులోనే జరగాలి. ప్రాసెసర్ ముహూర్తం దాకా ఊపిరాడకుండా పనిచేస్తుంది. ఆ వేడంతా ఎవరో ఒకరి చేతుల్లోకి పోవాలి.

ఆ పెళ్ళిలో ఈ ఏర్పాటంతా చూసుకుంటున్నవాడు పానకాలు. తెనాలిలో పాత స్టూడియో అతనిదే. ఆకును కనిపెట్టిన మనిషే పెళ్ళికొచ్చిందని తెలిసి పొంగిపోయాడు. తను పడ్డ పాట్లన్నీ హైమవతికి ఏకరువు పెట్టాడు. మొదటేడు తనే చేతులు పెట్టాడట. నాలుగు పెళ్ళిళ్ళు తిరక్కుండానే ఆస్పత్రిలో చేరి సెలైన్ ఎక్కించుకున్నాడట. తర్వాత ఐసు సంచి పెట్టి చూశాడు, అరటి బోదె పెట్టి చూశాడు, కడకు మాంసం కొట్టు నుంచి మేక తొడ తెచ్చి కూడా పెట్టాడట. దేనికీ ఆకు కదల్లేదు.

“మీ సెన్సర్ గట్టిదండీ మేడం గారూ. ప్రాణమున్న మనిషిని తప్ప ఒప్పుకోదు” అన్నాడు మెచ్చుకోలుగా.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నిప్పంటుకోకుండా తను పెట్టిన జాగ్రత్తే కూలికి మనుషుల్ని కుదిర్చిందన్నమాట. హైమవతికి ఆ మెచ్చుకోలు మింగుడుపడలేదు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళే రకం ఆవిడ. ఆకు ఎక్కడుందో చూపించమంది.

పీటల వెనక చామంతులతో గోడలాగా కట్టిన అలంకారం ఉంది. దాని చాటున, గుడ్డతెరకీ పూలగోడకీ మధ్య, ఒక మనిషి కూర్చునేటంత సందుంది. చేతులు పెట్టే మనిషి వీడియోలో కనపడకూడదు, పెళ్ళివాళ్ళకు అది నచ్చదు. హోమం ఆరిపోతుందని ఈ పక్క ఫ్యాన్లు కూడా కట్టేశారు. బయట సముద్రం మీది నుంచి వచ్చే ఉక్క, లోపల హోమం పొగ. ఆ సందులో చిన్న పీట మీద సామ్రాజ్యం కూర్చుని ఉంది.

నలభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి. ఆమె చేతులు పుట్టుకతోనే చల్లనివట. ఊళ్ళో ఏ స్టూడియోవాడైనా మొదట ఆమె పేరే చెబుతాడు. పొద్దున స్నాతకం మొదలైనప్పుడు ఆకు మీద పెట్టిన చేతులు ఇంకా తియ్యలేదు. మధ్యలో తీస్తే తెర మీది పెద్దాయన్ని మళ్ళీ మొదటి నుంచి లోడ్ చెయ్యాలి, ఆలోపు ముహూర్తం దాటిపోతుంది. పక్కనే మజ్జిగ గ్లాసు పెట్టారు. చేతులు ఖాళీ లేక అది అట్లాగే ఉంది.

హైమవతి గ్లాసు ఎత్తి ఆమె నోటికి అందించింది. రెండు గుక్కలు తాగి సామ్రాజ్యం మొహమాటపడింది. ఎలా ఉందని అడిగితే అలవాటేనంది. వేళ్ళు పలక మీద ఆనించే ఉంచి, ఒక అరచెయ్యి కాస్త ఓరగా ఎత్తి చూపించింది. చెయ్యంతా ఎర్రగా పండిన గోరింటాకు. పెళ్ళికూతుళ్ళలా చుక్కలూ చందమామా కాదు, ఎక్కడా తెలుపు లేకుండా మెత్తిన గోరింటాకు.

“రాత్రే పెట్టుకున్నానండి. చలవ చేస్తదని మేమంతా పెట్టుకుంటాం. పెట్టుకున్నకాడి నుంచి మిషన్ కూడా ఎక్కువసేపు ఆగకుండా నడుస్తంది” అంది.

వీధిలో ఏ అమ్మనడిగినా గోరింటాకు ఒంట్లో వేడి లాగేస్తుందనే చెబుతుంది. హైమవతి అమ్మమ్మా అదే చెప్పేది. అందుకే ఆవిడకు ఆ మాటలో తప్పేమీ కనపడలేదు. మూలన చుక్క ఆకుపచ్చగా వెలుగుతోంది. సామ్రాజ్యం ముఖాన చెమట కూడా లేదు. ఇంత ఉక్కలో చెమట పట్టలేదంటే నా ఆకు పని బాగానే చేస్తోందని మనసులో అనుకుంది కూడా.

లేచి వెళ్ళబోతుంటే సామ్రాజ్యం పిలిచింది.

“అమ్మగారూ, కాస్త తల తిరుగుతా ఉందండి. ఇంకా ఎంతసేపు ఉంటదో తమరికి ఎరికేనా?”

హైమవతి వంగి ఆమె మోచేతి మీద చెయ్యి వేసింది. పెనం మీద వేసినట్టు చురుక్కుమంది. చర్మం ఎండిపోయి గరగరలాడుతోంది. ఏదో తేడా ఉందని ఆవిడకు తట్టింది. తట్టలేదంటే అబద్ధం. సామ్రాజ్యం చేతుల్ని పలక మీది నుంచి ఎత్తేద్దామని ఆవిడ ఇంకాస్త ముందుకు వంగింది.

సరిగ్గా అప్పుడే పూలగోడ అవతలి నుంచి గొంతు వినపడింది. “హైమ ఏదిరా? హైమ వచ్చిందా?”

నాన్న గొంతు. రామబ్రహ్మం గారు పోయి ఆరేళ్ళయింది. ఆకును లోకానికి చూపించే రోజున ఆయనకు గుండెపోటొచ్చింది. ఫోను ఎత్తే తీరిక హైమవతికి దొరకలేదు. పదో రోజుకు గానీ రాలేకపోయింది. ఆ ఆరేళ్ళలోనూ ఆ గొంతుతో ఆవిణ్ణి హైమ అని ఎవరూ పిలవలేదు. అవతల నుంచి అన్నయ్య సూర్యప్రకాశం కూడా కేక వేశాడు, నాన్న అడుగుతున్నాడు త్వరగా రమ్మని.

హైమవతి చుక్క వంక చూసింది. ఆకుపచ్చ.

“ఇంకాస్తే. నీకేం కాదమ్మా, నాదీ పూచీ. ఒంట్లో తేడా వస్తే నీకంటే ముందు ఇదే కనిపెడుతుంది” అంది.

సామ్రాజ్యం తల ఊపింది. తయారుచేసిన మనిషే చెబుతుంటే కాదనడానికి ఆమె ఎవరు.

తెర మీద రామబ్రహ్మం గారు పంచె సర్దుకుంటూ నిలబడి ఉన్నారు. అక్షింతలు వేసే వరసలో అందరినీ తప్పుకోమని, కూతుర్ని దగ్గరికి రమ్మన్నారు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూసే పద్ధతి కూడా ఆయనదే. హైమవతికి కన్నీళ్ళు ఆగలేదు. ఇదంతా ప్రాసెసర్ కట్టే లెక్కలేనని తెలిసిన మనిషి కూడా చేతులు జోడించి వంగిపోయింది.

“ఎంత చిక్కిపోయావే! నీ మీద నాకు కోపమని ఎవరు చెప్పారు? ఆ రోజు నువ్వు రాలేదని నేను…”

అంతే. తెర నల్లబడింది.

కరెంటు పోయిందని జనం అనుకున్నారు. కానీ బంతి భోజనాల దగ్గర ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఒంట్లో వేడి పెరిగి ఆకు ఆగేటప్పుడు తెర మెల్లగా మసకబారుతుంది. అలా ఒక్కసారిగా ఆరిపోవడానికి కారణాలు రెండే. పలక మీది నుంచి చేతులు తియ్యాలి, లేదా చేతుల్లో నాడి దొరక్కుండా పోవాలి. ఆ సంగతి ఆ పందిట్లో అందరికంటే ముందు తట్టింది హైమవతికే. ఆవిడ చెప్పులు కూడా లేకుండా పూలగోడ వెనక్కి పరుగెత్తింది. సామ్రాజ్యం ముందుకు వాలిపోయి ఉంది. రెండు చేతులూ పలక మీదే ఉన్నాయి.

ఆస్పత్రిలో ఐసు గడ్డల మధ్య పడుకోబెట్టారు. వడదెబ్బన్నారు. సాయంత్రం లోపే ప్రాణం పోయింది. ఇక్కడ మేళం ఆగలేదు, విందు ఆగలేదు. మంగళసూత్రం అప్పటికే పడింది గనక పెళ్ళికి లోటేమీ రాలేదని పెద్దలు ఊరటపడ్డారు.

విచారణ జరిగింది. గుట్టు గోరింటాకులో ఉందని తేలడానికి ఎంతోకాలం పట్టలేదు. సెన్సర్ పంపే వెలుగు ఆ దట్టమైన ఎరుపు దాటి సరిగ్గా లోపలికి పోదు. తిరిగొచ్చిన కాస్త వెలుగుతో నాడి ఉందని మాత్రం తెలుస్తుంది. అది ఎలా పరుగెడుతోందో, రక్తం ఎంత మరుగుతోందో తెలియదు. తెలియనప్పుడు అంతా బాగుందనుకొమ్మని ఆకుకు నేర్పింది హైమవతే. మిషన్ ఎక్కువసేపు నడుస్తోందని ఆడవాళ్ళు సంబరపడి ఇంకా దట్టంగా పెట్టుకున్నారు. అంతకుముందు రెండు వేసవుల్లో పందిళ్ళలో సోలిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. అందరిదీ వడదెబ్బ ఖాతాలోనే పోయింది.

పెట్టె మీద ‘గోరింటాకు నిషిద్ధం’ అని అచ్చువేస్తే సరిపోతుందని కంపెనీ అంది. హైమవతి ఒప్పుకోలేదు. ఉద్యోగం వదిలేస్తానని బెదిరించి, కోర్టుకెక్కుతానని చెప్పి, నెలల తరబడి కొట్లాడింది. చివరికి నెగ్గింది. వెలుగుతో పనిలేకుండా చేతి వేడిని నేరుగా కొలిచే ఏర్పాటు వచ్చింది. హద్దు బాగా కిందికి దించారు. ఒంట్లో వేడి ఆ హద్దు తాకగానే ఆకు ఠక్కున ఆగిపోతుంది. పాతవాటికీ కొత్తవాటికీ అన్నిటికీ అదే హద్దు. ఆ రాత్రి ఆవిడ చాలాకాలం తర్వాత కంటినిండా నిద్రపోయింది.

మళ్ళీ వైశాఖం వచ్చింది. ఈసారి హైమవతి పెళ్ళికి కాదు, సామ్రాజ్యం కూతురు జోషితను చూడ్డానికి తెనాలి వచ్చింది. ఇక మీ అమ్మలాగా ఎవరూ పోరని ఆ పిల్లకు చెప్పాలి. దానితో ఏదో తీరిపోతుందని కాదు, అయినా చెప్పాలనుకుంది.

స్టూడియోల ముందు బారు తగ్గలేదు, నాలుగింతలైంది. ఎండలో ఒక్కొక్కరి చేతుల కింద ఆకు పావుగంట కూడా నడవడం లేదు. అందుకని పెళ్ళికి నలుగుర్ని తీసుకెళ్తున్నారు. ఒకరి చేతుల మీద ఆగబోయేలోపే ఇంకొకరు పక్కన చేతులు చేర్చి అందుకుంటారు. అదే కూలి నలుగురికి పంచుతారు. పల్చగా ఉండాలని బొటనవేలంత ఫ్యాను తీసేసిన పరికరం వెనక నలుగురు మనుషుల్ని ఆటోలో ఎక్కించుకుని తిరుగుతున్నారు.

జోషితకు ఇరవై ఏళ్ళు. రేకుల ఇంట్లో ఒక్కతే ఉంటోంది. తల్లి చేతుల చల్లదనం ఆమెకు వచ్చింది, ఆ పనే చేస్తోంది. హైమవతిని చూసి తిట్టలేదు, ఏడవలేదు. మంచం వాల్చి కూర్చోమంది, నీళ్ళిచ్చింది. హైమవతి చెప్పుకొచ్చిందంతా వింది.

“మీరు మంచికే చేశారు మేడం” అంది చివరికి. “కానీ ఆ హద్దు కాస్త పెంచండి.”

హైమవతి విన్నది నిజమేనా అన్నట్టు చూసింది. కూలి కోసమా అని అడిగింది.

కాదంది జోషిత. గూట్లోంచి ఒక ఆకు తీసి నేల మీద పెట్టింది. పానకాలు ఇచ్చాడట. మనిషి మరీ అంత చెడ్డవాడేమీ కాదు. ప్రతి పెళ్ళికీ ముందు కెమెరా, మైకు సరిచూసుకోవడానికి సామ్రాజ్యాన్నే కూర్చోబెట్టి మాట్లాడించేవాడు. అలా ఆమె నవ్వులు, విసుగులు, అరుపులు అతని దగ్గర పోగుపడ్డాయి. అవన్నీ ఇందులో నింపి కూతురి చేతిలో పెట్టాడు.

“ఈ రేకుల కింద నా చేతులు పెడితే అమ్మ కనపడతది. తిన్నావా అంటది. తల దువ్వుకోలేదేందే అంటది. అంతే, హద్దు కాడ ఆగిపోద్ది. మళ్ళా పెడితే మళ్ళా మొదటి నుంచి, తిన్నావా అంటది. ఇది చేతికొచ్చినకాడి నుంచి ఆ రెండు మాటలే మేడం. మూడో మాట ఏంటో నాకు తెలవదు.”

చల్లటి గదికి తీసుకెళ్తానంది హైమవతి. హైదరాబాదు రమ్మంది. జోషిత తల అడ్డంగా ఊపింది. అమ్మ ఈ ఇంట్లోనే మాట్లాడాలంది. ఒక్కసారి చాలంది. తన చేతులు పెడతానని హైమవతి ముందుకొచ్చింది, పెట్టింది. తెర మీద సామ్రాజ్యం కనపడి, ఎవరు నువ్వని కూడా అడక్కముందే ఆకు ఆగిపోయింది. ఏసీలో పెరిగిన చేతులు ఆ ఎండకు నిమిషం కూడా ఓర్వలేకపోయాయి.

హద్దు మార్చే సంకేతం కంపెనీలో ఇద్దరికే తెలుసు. వాళ్ళలో ఒకరు హైమవతి. అది వాడకూడదని అందరి చేతా సంతకాలు పెట్టించింది కూడా ఆవిడే. నాన్న మాట సగంలో తెగిపోయిన చోటు ఆవిడకు ఇంకా పచ్చిగానే ఉంది. ఆ చోట నిలబడ్డ మనిషి ఎదురుగా ఇంకొకరు అదే చోట నిలబడి అడుగుతుంటే కాదనడానికి నోరు రాలేదు. ఒక్కసారికే అంది. నేను పక్కనే ఉంటాను, తియ్యమన్నప్పుడు తియ్యాలి అంది. జోషిత ఒప్పుకుంది. హైమవతి సంకేతం కొట్టి హద్దు ఎత్తేసింది.

జోషిత అరచేతులు పలక మీద ఆనించింది. సామ్రాజ్యం కనపడింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూ, తిన్నావా అంది. తల దువ్వుకోలేదేందే అంది. హద్దు వచ్చింది, దాటిపోయింది. జోషిత తెర దగ్గరికి వంగింది. హైమవతి ఆమె నుదుటి మీద చెయ్యి ఉంచి చూస్తోంది. నుదురు వెచ్చబడుతోంది.

తెర మీది సామ్రాజ్యం కూతుర్ని కాసేపు పరకాయించి చూసింది. ఆమె ముఖం మారింది.

“మొహం అట్టా కందిపోయిందేందే? ఆ మిషన్ మీద చేతులు పెట్టావా? నిన్ను కాదూ, తియ్యి! నే చెప్పేది నీక్కాదటే! చేతులు తియ్యవే మొద్దు మొహమా!”

జోషిత కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. చేతులు మాత్రం కదల్లేదు. నుదురు కాలిపోతోంది. చాలు తియ్యమ్మా అంటూ హైమవతి ఆమె మణికట్లు పట్టుకుని లాగింది. ఆ పిల్ల ఒంట్లో బరువంతా చేతుల మీద వేసి పలకను ఇంకా గట్టిగా నొక్కింది. తెర మీద తల్లి తిడుతూనే ఉంది.

“ఉండండి మేడం” అంది జోషిత, తెర మీది నుంచి చూపు తిప్పకుండా. “ఇంకాస్త తిట్టనివ్వండి.”